కొంచెం జరుగుతావా అక్కా?

ముందే చెబుతున్నాను, నేను మంచి పిల్లినే. ఈ కథ విన్నాక మీరు కాదంటారేమో. అనుకోండి, నాకేం.

నా పేరు దొరసాని. నేను లాండ్రీ షాపులో ఉంటాను. షాపు మా పెద్దమ్మది. ఆమె నాకే కాదు, వీధిలో అందరికీ పెద్దమ్మే. పొద్దున్నే బట్టలు ఉతుకుతుంది. ఎండలో ఆరేస్తుంది. ఎండినవి తెచ్చి ఇస్త్రీ చేస్తుంది.

ఆ షాపులో నాకు రెండు ఉద్యోగాలు ఉన్నాయి. మొదటిది, మడత పెట్టిన బట్టల మీద కూర్చుని అవి గాలికి ఎగిరిపోకుండా చూడటం. రెండోది, వాటి మీద నా వెంట్రుకలు రాలకుండా చూడటం. రెండో ఉద్యోగం నాకు అంత బాగా రాదు.

రెండు ఉద్యోగాలకీ కలిపి నా జీతం ఒకటే. అది పెద్దమ్మ ఒడి.

మధ్యాహ్నం ఇస్త్రీ అయిపోయాక పెద్దమ్మ కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. "రావే దొరసానీ" అంటుంది. నేను వెంటనే వెళ్ళను. ముందు ఒళ్ళు విరుచుకుంటాను. ఒక ఆవులింత తీస్తాను. అప్పుడు వెళ్తాను. ఆ ఒడి వెచ్చగా ఉంటుంది, సబ్బు వాసన వేస్తుంది. అందులో ఒక్కరికే చోటు ఉంటుంది. ఆ ఒక్కరూ నేనే.

ఇదంతా బంతి రాకముందు మాట.

ఒకరోజు పెద్ద వాన పడింది. తలుపు సందులోంచి ఒక బాతు లోపలికి వచ్చింది. దాని నడక చూస్తే నాకు నవ్వొచ్చింది. అటు పడబోయి ఇటు, ఇటు పడబోయి అటు. అడగనైనా అడగకుండా బట్టలు జాడించే తొట్టిలోకి దూకి ఈత కొట్టడం మొదలుపెట్టింది.

"ఎవరిదే నువ్వు?" అంది పెద్దమ్మ.

"క్వాక్" అంది బాతు.

వారం రోజులు చూశాం. దాని కోసం ఎవరూ రాలేదు. గుండ్రంగా ఉందని పెద్దమ్మ దానికి బంతి అని పేరు పెట్టింది. పేరు పెట్టారంటే ఇక పోదు. నా గుండెలో రాయి పడింది.

ఆ రోజు నేను ఇస్త్రీ బల్ల కింద వెచ్చని మూలలో పడుకుని ఉన్నాను. బంతి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, కొంచెం జరుగుతావా?" అంది.

నేను దానికి అక్కనెప్పుడయ్యాను? దాని ముక్కేమిటి, నా మూతేమిటి?

"జరగను" అన్నాను.

"ఎందుకక్కా?"

"జరగను. అంతే."

బంతి ఏమీ అనుకోలేదు. తడి కాళ్ళతో పక్కనే చల్లని గచ్చు మీద కూర్చుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. "అక్కా, కొంచెం జరుగుతావా?" అంది. "జరగను" అన్నాను. ఆ మర్నాడు కూడా అంతే. దానికి సిగ్గు లేదు. నాకు ఓపిక లేదు.

ఇప్పుడు మీకు క్లిప్పుల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు.

పెద్దమ్మకు కళ్ళజోడు ఎప్పుడూ కనబడదు. అది ఆమె తలమీదే ఉంటుంది. అందుకని పొట్లాల మీద పేర్లు రాసే పని పెట్టుకోదు. ఇస్త్రీ బట్టలను కాగితంలో చుట్టి, పైన ఒక రంగు కొయ్య క్లిప్పు పెడుతుంది. ఎరుపు క్లిప్పు బేకరీ మామది. నీలం క్లిప్పు పోస్టు అక్కది. ఆకుపచ్చ క్లిప్పు పళ్ళ డాక్టరుగారిది. పసుపు క్లిప్పు బ్యాండు మేస్టారిది.

సాయంత్రం పెద్దమ్మ తమ్ముడు సైకిల్ మామ వస్తాడు. ఆయన పొట్లం విప్పడు, ఎవరినీ అడగడు. ఎరుపు కనబడితే బేకరీకి, నీలం కనబడితే పోస్టాఫీసుకి పట్టుకుపోతాడు. అలా ఎన్నో ఏళ్ళుగా జరుగుతోంది. ఒక్కసారి కూడా తప్పు రాలేదు.

క్లిప్పు కింద పడితే వంగి తీయడం పెద్దమ్మకు కష్టం. ఆమె నడుము పట్టేస్తుంది. ఒకసారి అలా పడిన క్లిప్పును బంతి ముక్కుతో తీసి ఇచ్చింది. ఇంకోసారి ఏకంగా పొట్లానికే పెట్టింది. ముక్కుతో క్లిప్పు వెనక నొక్కితే ముందు నోరు తెరుచుకుంటుంది. అంతే, అదేం పెద్ద విద్య కాదు.

"నా బంగారు బాతు" అంది పెద్దమ్మ.

బంగారు బాతట. ఒక్క గుడ్డయినా బంగారంది పెట్టిందా? అసలు మామూలు గుడ్డే పెట్టలేదు.

"చూశావా దొరసానీ, బంతికి ఎంత తెలివో. నువ్వూ ఉన్నావు, దేనికి?" అంది.

నా చెవులు వెనక్కి వెళ్ళిపోయాయి. ఇన్నేళ్ళు బట్టలు ఎగిరిపోకుండా కూర్చున్నది ఎవరు? ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. దీనికి కొమ్ములు కూడా లేవు. ఉన్నదల్లా చెంచా లాంటి ముక్కు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. నేను ఒళ్ళు విరుచుకున్నాను. ఆవులింత తీశాను. తిరిగి చూసేసరికి ఒడిలో బంతి ఉంది.

నా ఒడిలో. బంతి.

పెద్దమ్మ దాని వీపు నిమురుతూ కునికిపాట్లు పడుతోంది. నాకు కుళ్ళు వచ్చింది. ఒప్పుకుంటున్నాను. మామూలు కుళ్ళు కాదు, మీసాల చివరి దాకా మండింది. దీని పని పట్టాలనుకున్నాను.

బల్ల మీద నాలుగు పొట్లాలు సిద్ధంగా ఉన్నాయి. నేను బల్ల ఎక్కాను. ఎర్ర క్లిప్పును పళ్ళతో పట్టి పీకాను. తీసుకెళ్ళి బంతి ఈత కొట్టే తొట్టిలో పడేశాను. తర్వాత నీలం, ఆకుపచ్చ, పసుపు కూడా పడేశాను. పెద్దమ్మ లేస్తుంది, క్లిప్పులు తొట్టిలో చూస్తుంది, బంతిని తిడుతుంది. అదీ నా ఆలోచన.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందని మనుషులు ఒక మాట అంటారు. ఆ మాట నాకు అసలు నచ్చదు. కానీ ఆ రోజు నిజంగానే నన్నెవరూ చూడటం లేదనుకున్నాను.

బంతి చూస్తోంది. ఒక కన్ను తెరిచి మొదటి నుంచీ చూస్తోంది.

అది చప్పుడు కాకుండా ఒడిలోంచి దిగింది. తొట్టిలో మునిగింది. ఒక్కొక్క క్లిప్పునే పైకి తీసింది. బట్టల మూట మీదుగా బల్ల ఎక్కి ఒక్కొక్క పొట్లానికి పెట్టేసింది. తోక ఊపుతూ నా వైపు చూసింది.

నా పథకం పాడైంది. ఊరుకుంటానా? మళ్ళీ నాలుగూ పీకి తొట్టిలో వేశాను.

బంతి మళ్ళీ మునిగింది. మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టింది.

మూడోసారి వేశాను. మూడోసారీ పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. దానికేమో తోక ఊగిపోతోంది. చివరికి నా దవడలు నొప్పి పుట్టి, అలిసిపోయి పడుకున్నాను.

ఏ రంగు ఏ పొట్లం మీద ఉండాలో బంతికి తెలియదు. నాకు తెలుసు. ఎరుపు ఉండాల్సిన చోట పసుపు ఉంది, నీలం ఉండాల్సిన చోట ఎరుపు ఉంది. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

సాయంత్రం సైకిల్ మామ ఆవులిస్తూ వచ్చి పొట్లాలు పట్టుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే బేకరీ మామ వచ్చాడు. బేకరీ మామ చాలా లావు. పోస్టు అక్క చాలా సన్నం. బేకరీ మామ పోస్టు అక్క చొక్కా వేసుకోబోయాడు. ఒక చెయ్యి సగం దాకా దూరి ఇరుక్కుంది. ఇక రాదు, పోదు. ఆ చెయ్యి పైకెత్తుకునే వీధి అంతా నడిచి వచ్చాడు. తమనే పిలుస్తున్నాడనుకుని నలుగురు ఆయన వెనకే వచ్చేశారు.

"మిగతావన్నీ ఉతకడానికి నీ దగ్గరే ఉన్నాయి పెద్దమ్మా. ఇదొక్కటే కదా ఉంది, ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

తర్వాత పోస్టు అక్క వచ్చింది. ఆమె ఒంటి మీద పళ్ళ డాక్టరుగారి తెల్ల కోటు ఉంది.

"ఉత్తరం ఇద్దామని ఏ తలుపు కొట్టినా, నన్ను చూసి నోరు తెరిచి 'ఆ' అంటున్నారు పెద్దమ్మా. పదకొండు నోళ్ళు చూశాను పొద్దున్నుంచి" అంది.

పళ్ళ డాక్టరుగారు బ్యాండు మేస్టారి ఎర్ర కోటులో వచ్చారు. దానికి భుజాల మీద బంగారు కుచ్చులు ఉన్నాయి. పన్ను నొప్పితో వచ్చిన పాప ఆయన్ని చూసి, పన్ను చూపించనంది. ముందు బాకా ఊదమంది. చివరగా బ్యాండు మేస్టారు వచ్చారు. ఆయన బేకరీ మామ పిండి బట్టలు వేసుకున్నారు. దారిలో ముగ్గురు ఆయన్ని ఆపి రొట్టెలు అడిగారట. నాలుగో ఆయన రొట్టె నిన్న మాడిపోయిందని పోట్లాడాడట.

నాకు నవ్వు ఆగలేదు. బల్ల కింద దాక్కుని మీసాలు నాక్కుంటూ నవ్వుకున్నాను. కానీ పెద్దమ్మ నవ్వలేదు. ఆమె ముఖం తెల్లబోయింది.

"ఇన్నేళ్ళలో ఒక్క తప్పు రాలేదు" అంది మెల్లగా. తలమీది కళ్ళజోడు ఎవరో చూపిస్తే పెట్టుకుని పొట్లాల కాగితాలు చూసింది. ప్రతి కాగితం మీదా క్లిప్పు ఉన్న చోట తడి మరక ఉంది. ఒకదాని మీద చిన్న తెల్ల ఈక కూడా ఉంది.

"బంతీ, ఇది నీ పనేనా?" అంది.

బంతి నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా గోడ వైపు చూశాను.

"క్వాక్" అంది బంతి.

ఎవరి బట్టలు వాళ్ళు పట్టుకుపోయారు. డాక్టరుగారి కోటు మీద మాత్రం పోస్టు ముద్ర సిరా అంటుకుంది. "మధ్యాహ్నానికి ఉతికి ఉంచుతాను డాక్టరుగారూ" అంది పెద్దమ్మ. అందరూ వెళ్ళాక సబ్బుల అట్టపెట్టె ఒకటి ఖాళీ చేసి బంతిని అందులో కూర్చోబెట్టింది.

"ఏం చెయ్యనే? నా షాపు నడిచేదే ఆ క్లిప్పుల మీద. తమ్ముడు రాగానే పార్కులో కొలను దగ్గర దింపుతాడు. అక్కడ నీళ్ళు చాలా ఉంటాయి" అంది. ఆ మాట అంటూ ముక్కు చీదింది.

గెలిచాను. మధ్యాహ్నం పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. ఈసారి ఒళ్ళు విరుచుకోలేదు, ఆవులింత తీయలేదు. పరుగున వెళ్ళి ఒడిలో కూర్చున్నాను. అదే ఒడి. అదే వెచ్చదనం. కానీ పెద్దమ్మ చెయ్యి నా మీద ఉందన్న మాటే గానీ, కళ్ళు ఖాళీ తొట్టి మీద ఉన్నాయి. నేను గురగురలాడినా ఆమెకు వినబడలేదు. తొట్టిలో లేని బాతును చూసి కూడా నాకు కుళ్ళు వచ్చింది. ఇదెక్కడి గోల?

ఒడి దిగి పెట్టె దగ్గరికి వెళ్ళాను. నాలుగు మాటలు అనేసి కడుపు చల్లబరుచుకుందామనుకున్నాను.

"క్లిప్పులు పీకింది నేనని పెద్దమ్మకు తెలిసేలా ఎందుకు చెయ్యలేదు?" అన్నాను. "నీకు అరవడం వచ్చు కదా. నా మీద పడి పొడవచ్చు కదా."

బంతి ఆశ్చర్యపోయింది. "ఆటలో ఎవరైనా చాడీలు చెబుతారా అక్కా?" అంది.

"ఏ ఆట?"

"అదే, నువ్వు నీళ్ళలో వెయ్యడం, నేను తియ్యడం. నువ్వు మూడుసార్లు ఆడావు. నాతో ఎవరూ అంతసేపు ఆడలేదు."

నేను దాని మీద పగబట్టి, దవడలు నొప్పి పుట్టేలా కష్టపడ్డాను. అది దాన్ని ఆట అనుకుంది. ఇలాంటిదాన్ని ఏడిపించడం ఎవరి తరం? నాకు సిగ్గేసింది. సిగ్గేసినందుకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను ఊరికే కూర్చోలేను.

అప్పుడే సైకిల్ మామ వచ్చాడు. కోటు కోసం డాక్టరుగారూ వచ్చారు. సైకిల్ మామ వంగి పెట్టె పట్టుకోబోయాడు.

నేను బల్ల మీదకి దూకాను. అందరూ చూస్తుండగా ఆ రోజు పొట్లం మీది ఎర్ర క్లిప్పును పీకి తొట్టిలో పడేశాను.

"చూడండి, దాన్ని చూసి ఇదీ నేర్చుకుంది" అంది పెద్దమ్మ.

నేను దాన్ని చూసి నేర్చుకోవడమా? ఒప్పుకుందామన్నా ఒప్పుకోనివ్వరు ఈ మనుషులు. నీలం క్లిప్పు పీకాను. ఆకుపచ్చది పీకాను. పసుపుది నోట కరుచుకుని తొట్టి అంచు మీదకి ఎక్కాను. అంచంతా సబ్బు నురగే. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు కదా. నేను తొట్టిలో పడ్డాను.

నీళ్ళంటే నాకు ఎంత అసహ్యమో మీకు చెప్పలేదు కదూ? ఇప్పుడు చెబుతున్నాను. నా చెవుల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. ఏది పైనో, ఏది కిందో తెలియలేదు. ఇంతలో ధబ్బుమని చప్పుడైంది. నా మెడ వెనక ఎవరో గట్టిగా పట్టుకున్నారు. అచ్చం క్లిప్పు పెట్టినట్టే ఉంది. అది బంతి ముక్కు. పెట్టెలోంచి ఎగిరి తొట్టిలోకి దూకేసింది. పెద్దమ్మ పరుగెత్తుకొచ్చే లోపే నన్ను అంచు దాకా లాక్కొచ్చింది.

డాక్టరుగారు పసుపు క్లిప్పును నీళ్ళలోంచి తీశారు. అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. జేబులోంచి చిన్న దీపం తీసి దాని వెలుగులోనూ చూశారు.

"పెద్దమ్మా, దీని మీద గాట్లు చూడండి. ఇవి కోరపళ్ళ గుర్తులు. కొన్ని ఇప్పటివి, కొన్ని పాతవి" అన్నారు.

"అయితే?" అంది పెద్దమ్మ.

"బాతుకు పళ్ళుండవు కదా."

పెద్దమ్మ ఎర్ర క్లిప్పు చూసింది, నీలం చూసింది, ఆకుపచ్చ చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గోడ వైపు చూడలేదు.

"ఓసి నీ కుళ్ళు పాడుగాను" అంది పెద్దమ్మ. "నీకు వారం రోజులు ఒడి లేదు."

సైకిల్ మామ ఖాళీ పెట్టె మూల పడేసి, పొట్లాలు పట్టుకుని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ బంతిని ఎత్తుకుని "తప్పు నాదేనే తల్లీ" అని ముద్దు పెట్టుకుంది. ఆ ముద్దు కూడా నాకు గుచ్చుకుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? కుళ్ళు ఒక్క పూటలో పోయేది కాదు.

నేను ఇస్త్రీ బల్ల కింద నా మూలలోకి వెళ్ళి వణుకుతూ పడుకున్నాను. తడిసిన తోక ఎలుక తోకలా అయిపోయింది. కాసేపటికి తడి కాళ్ళ చప్పుడు వినబడింది.

"అక్కా, కొంచెం జరుగుతావా?"

నేను తడిసిన తోకను ఒకసారి నాక్కున్నాను. తర్వాత జరిగాను. కొంచెమే.

బంతి పక్కన కూర్చుని నా మీద రెక్క వేసింది. ఆ రెక్క కింద ఎంత వెచ్చగా ఉందో నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. కొంగు దులుపుకుని ఒడి సర్దుకుంది.

"రావే దొరసానీ" అంది.

నేను బల్ల కింద బంతి రెక్క చాటున ఉన్నాను. తల ఎత్తి చూసి, మళ్ళీ పడుకున్నాను.

"పోనీ నువ్వు రావే బంతీ."

బంతి నా వీపు మీద ముక్కు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. కిటికీలోంచి చూసింది. ఖాళీ ఒడి చూసుకుంది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. బంతి వచ్చాక తొట్టి నీళ్ళలో చూసుకున్నప్పుడల్లా నాకు కనబడిన ముఖం అదే.

"అయితే నేను పనికిరానన్నమాట" అంది.

కాసేపు అలాగే మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత నడుము పట్టుకుని మెల్లగా లేచింది. బల్ల దగ్గరికి వచ్చి గచ్చు మీద చతికిలబడింది. వంగి మా వైపు చూసింది.

"కొంచెం జరుగుతారా?" అంది.

బంతి నా వైపు చూసింది. నేను ముందు ఒళ్ళు విరుచుకున్నాను. ఒక ఆవులింత తీశాను. అప్పుడు జరిగాను.